ముప్పై ఎనిమిదిన్నర డిగ్రీలు

ఉదయం ఆరింటికి హత్య జరిగింది. ఏడింటికల్లా ఏజెంట్ నలభై రెండు చీఫ్ ముందు నిలబడ్డాడు. హతురాలు ఒక ఆవు.

"నవ్వకు," అన్నాడు చీఫ్.

నలభై రెండుకి నవ్వు రాలేదు. ఆ ఆవు అతనికి బాగా తెలుసు. మూడు వారాలుగా టెక్నీషియన్ వేషంలో ఆ పశువుల లాబ్‌లోనే పేడ ఎత్తుతూ, గాజు గొట్టాలు కడుగుతూ గడుపుతున్నాడు. పద్నాలుగేళ్ల ముసల్ది, అందరికీ అది 'పెద్దమ్మ'. పొద్దున్నే వెళ్లి పలకరించకపోతే తొట్టిని కాలితో తన్ని మరీ అలిగేది.

ఎవరో మత్తు ఇంజెక్షన్ నాలుగింతలు ఎక్కించి, కడుపు కోసి, రెండు అండాశయాలూ పట్టుకుపోయారు. కోత శుభ్రంగా ఉంది. ఇది 'పాలపుంత' అనే విదేశీ ముఠా పనేనని చీఫ్ తేల్చేశాడు. వాళ్లకి కావలసింది లోపలి గుడ్లు. మామూలు ఆవుల నుంచి వంద గుడ్లు తీసి లాబ్‌లో ఫలదీకరణ చేస్తే ముప్పై పిండాలు దక్కడం గగనం. పెద్దమ్మ గుడ్లకి అరవై దక్కేవి. అందులో సగం ఘనత ఆవుది, మిగతా సగం లాబ్ నడిపే డాక్టరమ్మది. హార్మోన్ ఇంజెక్షన్లు ఆపిన వెంటనే ఎగబడి గుడ్లు తీయకూడదు, అవి లోపలే పక్వానికొచ్చేదాకా ఆగాలి అన్నది ఆవిడ పట్టుకున్న కిటుకు. సరిగ్గా ఎన్ని గంటలు ఆగాలో తేల్చడానికి ఆవిడకి పన్నెండేళ్లు పట్టింది. ఆ అంకె ఆవిడ బుర్రలో తప్ప ఇంకెక్కడా లేదు.

"మూడింటి ఫ్లైట్‌లో సరుకు దాటుతుంది. దాటకూడదు. అక్కడ మన మనిషి ఉంది," అన్నాడు చీఫ్.

మన మనిషంటే మేడం. ముఠాలో ముఠా మనిషి, ఆఫీసులో ఆఫీసు మనిషి. ఆవిడ నడిచొస్తుంటే కస్టమ్స్ వాళ్లు స్కానర్ చూడటం మానేసి ఆవిణ్ణి చూస్తారు. డబుల్ ఏజెంట్‌కి అంతకన్నా మంచి గాడ్జెట్ ఏముంటుంది?

మధ్యాహ్నం రెండుకి నలభై రెండు కార్గో ఇన్‌స్పెక్టర్ వేషంలో, అంటించుకున్న మీసం దురద పెడుతుండగా డిపార్చర్ హాల్లో నిలబడ్డాడు. జేబులో పెన్ను. వంద అడుగుల దూరం నుంచే వేడి ఎంతో చెప్పేస్తుంది. మేడం కాఫీ కప్పుతో పక్కన వచ్చి నిలబడింది.

"ఆవు ఈనిందా?" అన్నాడు.

"దూడ నిలబడింది," అంది. కోడ్ కలిసింది. బూడిదరంగు కోటువాడు, నైట్రోజన్ క్యాను, ఆరో కౌంటర్ అని చెప్పి వెళ్లిపోయింది.

ఐదు నిమిషాల్లో కోటువాడు నేల మీద బోర్లా పడి ఉన్నాడు. క్యాను మూత తీస్తే తెల్లటి పొగ. సెక్యూరిటీ వాళ్లు ఒకరి భుజం ఒకరు తట్టుకున్నారు. నలభై రెండుకి మాత్రం ఎక్కడో తేడా కొట్టింది.

లాబ్‌లో చేరిన కొత్తలో ఒకరోజు అతను గుడ్లున్న గొట్టాన్ని ఐస్ డబ్బాలో పెట్టబోయాడు. డాక్టరమ్మ చెయ్యి పట్టుకుని ఆపి, పిండాన్నయితే గడ్డకట్టించొచ్చు గానీ గుడ్డు ఆ చలికి తట్టుకోదని చెప్పింది. "దానికి తల్లి ఒంటి వేడి కావాలి తమ్ముడూ. ముప్పై ఎనిమిదిన్నర. ఇంకేమీ లేకపోతే నీ ఒంటికి హత్తుకో," అంది. ఆవిడ అలా తమ్ముడూ అన్నప్పుడల్లా అతనికి తన ఉద్యోగం మీద అసహ్యం వేసేది.

అంటే దేన్నయినా గడ్డకట్టించే ఈ నైట్రోజన్ క్యాను ఒట్టి నాటకం. అందరి చెవుల్లో పువ్వులు పెట్టారు.

పెన్ను తిప్పాడు. గేటు దగ్గర క్యూ చివర్లో మేడం. బోర్డింగ్ పాసు, బ్యాగు, కప్పు అన్నీ కుడిచేతిలోనే పట్టుకుని అవస్థ పడుతోంది. ఎడమచెయ్యి పక్కటెముకలకి అతుక్కుపోయి ఉంది. పెన్ను మీద అంకె వెలిగింది: 38.5.

పరిగెత్తాడు. గేటు మూసేలోగా ఆవిడ భుజం దొరికింది.

"గట్టిగా పట్టుకోకు. బెల్టులో ఇరవై ఒక్క గుడ్లున్నాయి," అంది మేడం నెమ్మదిగా.

"ఎవరిచ్చారు?"

"చివరి ఇంజెక్షన్ ఎప్పుడు చేశారు? ఆవు ఎప్పుడు పోయింది? లెక్కపెట్టుకో."

లెక్కపెట్టాడు. చివరి ఇంజెక్షన్ వేసేటప్పుడు పలుపు పట్టుకున్నది అతనే. అక్కణ్ణుంచి రెండు రోజులు ఆగి మరీ కోశారు. అంతసేపు ఆగాలని ముఠాకి తెలిసే వీల్లేదు. అదే తెలిస్తే ఇంత తంటా ఎందుకు? సరైన గంటకి కోసిన చెయ్యి ఒక్కరిదే కావాలి.

ఫోన్ మొదటి రింగుకే డాక్టరమ్మ ఎత్తింది. దాచలేదు. లాబ్ మూసేయమని పైనుంచి ఆర్డరు వచ్చిందట. పెద్దమ్మని సోమవారం కబేళాకి తోలాలట. గుడ్లయినా తీసుకోనివ్వమని ఏడుసార్లు అర్జీ పెట్టుకుంటే ఏడుసార్లూ కాదన్నారట. కారణం భద్రతా లోపాలు. ఎవరో రహస్యంగా రిపోర్టు రాశారట.

ఆ రిపోర్టు రాసింది నలభై రెండు. మూడు పేజీలు, నీటుగా టైపు చేసి ఇచ్చాడు.

"కబేళాకి పంపలేక నా చేత్తోనే నిద్రపుచ్చాను. ఏ దేశంలో అయితేనేం, దూడలు పుడితే చాలనుకున్నాను. నన్ను ఏమైనా చేసుకో తమ్ముడూ. సాయంత్రంలోగా వాటిని ఇన్‌క్యుబేటర్లో పెట్టు," అంది. తన గురించి ఇంకొక్క మాట కూడా అడగలేదు.

నలభై రెండు బెల్టు విప్పించి తన చొక్కా లోపల కట్టుకున్నాడు. లాబ్ నలభై నిమిషాల దారి. కారెక్కబోతుంటే చీఫ్ ఎదురొచ్చాడు. జీవ సంబంధమైన సాక్ష్యాన్ని సీలు వేసి ఆఫీసు ఫ్రిజ్‌లో పెట్టాలని రూలు. ఫ్రిజ్ నాలుగు డిగ్రీలు.

"చచ్చిపోతాయి సార్."

"కోర్టుకి బతికున్నవి అక్కర్లేదయ్యా. సీలున్నవి కావాలి."

నలభై రెండు వాదించాడు. బతిమాలాడు. ఆఖరికి ఆ మూడు పేజీలూ తప్పని రాసిస్తానన్నాడు. చీఫ్ గడియారం చూసుకుని చెయ్యి చాచాడు. ఇరవై ఏళ్ల సర్వీసులో ఏ ఆర్డరుకీ ఎదురుతిరగని ఒళ్లు ఇప్పుడు మాత్రం ఎక్కడ తిరుగుతుంది? విప్పి ఇచ్చేశాడు. పక్కటెముకల దగ్గర చల్లబడుతుంటే ఏడుపొచ్చింది, సిగ్గు లేకుండా ఏడ్చాడు.

సాయంత్రం నిర్బంధపు గదిలో డాక్టరమ్మ వకీలు కావాలని అనలేదు, మంచినీళ్లు కూడా అడగలేదు.

"ఎంతలో పెట్టారు?"

"నాలుగులో, అక్కా."

ఆవిడ కళ్లద్దాలు తీసి ఒళ్లో పెట్టుకుంది. "ఇంక నువ్వెళ్లు," అంది. తమ్ముడూ అనలేదు.

మేడం ఈసారి మూడో వైపుకి కూడా పనిచేయడానికి ఒప్పుకుందని, అందుకని ఆఫీసే ఆవిణ్ణి కేసులోంచి తప్పించిందని వారం తర్వాత తెలిసింది. నలభై రెండుకి ప్రశంసాపత్రం వచ్చింది. స్వాధీనం చేసుకున్న వస్తువు పరిస్థితి అన్న గడిలో ఆఫీసు గుమాస్తా 'చెక్కుచెదరలేదు' అని రాశాడు. సీలు మటుకు నిజంగానే చెక్కుచెదరలేదు.