బోగ్రా లైను

ఆ సోమవారం పొద్దున, కొనేవాళ్లనీ అమ్మేవాళ్లనీ ఫోనులో కలిపే 'సంధి' యంత్రం చౌడమ్మకు బోగ్రా లైను కలపలేదు. దుబాయి నుంచి ఎవరిదో కొత్త గొంతు పలికింది. "నలభై పెట్టెలు. ధర సరేనా?" చౌడమ్మ సరేనంది. లైను తెగిపోయింది.

మదనపల్లె దగ్గర మూడెకరాల్లో టమోటా పండించే చౌడమ్మకు నలభై ఆరేళ్లు. పెళ్లి చేసుకోలేదు. తల్లి పోయాక చేలోని గదిలో ఒక్కతే ఉంటోంది. ఆరేళ్లుగా ఆమెతో రోజూ మాట్లాడే మనిషి ఒక్కడే, బంగ్లాదేశ్‌లోని బోగ్రాలో ఉండి ఆమె కాయలు కొనే రఫీకుల్. అతను బెంగాలీలో అన్నది సంధి తెలుగులో వినిపించేది. బేరం నిమిషంలో తేలిపోయేది. తర్వాత అతని మోకాలి నొప్పి, ఆమె బోరులో నీళ్లు, అక్కడి వానలు, అన్నీ మాటల్లో దొర్లేవి.

వారం చూసి, మార్కెట్ యార్డులో ఉండే డాక్టర్ పరిమళ దగ్గరికి వెళ్లింది. సంధిని తయారుచేసింది ఆవిడే.

"మీకు నష్టమేం రాలేదు కదమ్మా," అన్నారు పరిమళ స్క్రీన్ చూసి.

"నష్టం లేదు మేడం. మాట్లాడే మనిషే లేడు."

పరిమళ స్క్రీన్ ఆమె వైపు తిప్పారు. "వాళ్ల టాకా విలువ సగానికి పడిపోయింది. మొన్న వంద టాకాలకు వచ్చిన కాయలకు ఇప్పుడు రెండు వందలు పెట్టాలి. ఆయన కొనలేడు. ఇద్దరికీ గిట్టుబాటైతేనే సంధి లైను కలుపుతుంది."

"అదే ఆయప్ప అమ్మితే?"

"అప్పుడు మనకు చవక. కలుపుతుంది."

చౌడమ్మ ఎదురుచూసింది. మన కాయలు ఖరీదైపోవడంతో బోగ్రా రైతులు తామే టమోటా వేశారు. రఫీకుల్ కూడా కొంత నేల కౌలుకు తీసుకున్నాడు. నాలుగు నెలలకు అమ్మేవాళ్ల జాబితాలో అతని పేరు కనబడింది. టమోటా పండించే చౌడమ్మ ముప్పై పెట్టెల టమోటాకు ఆర్డరు పెట్టింది. బోగ్రా లైను కలిసింది.

"అక్కా, నువ్వేనా?"

"నేనే అన్నా. మోకాలు ఎట్లుంది?"

అరగంట మాట్లాడుకున్నారు. ఆమె ఆ కాయలను యార్డులో అమ్మేసింది. కొంచెం లాభం మిగిలింది కూడా.

ఆ మిగులును సంధి గమనించింది. ఒకరికి గిట్టిన బేరాన్ని అందరికీ చూపడం దాని పని. మర్నాటి నుంచి యార్డు వ్యాపారులందరికీ బోగ్రా లైను తెరుచుకుంది. బోగ్రా కాయలతో శీతల రైళ్లు వరుసగా వచ్చాయి. దుబాయి వాళ్లు కూడా ఆ కాయలకే మళ్లారు. చౌడమ్మ చేను ఎర్రగా పండింది గానీ, ఆ కాయల కోసం ఒక్క లైనూ కలవలేదు. కోత కూలి కూడా రాదని తేలాక ట్రాక్టరు పిలిచి మొత్తం దున్నించేసింది. బోగ్రా రైతులతో మాట్లాడటం తెలిసిన మనిషని వ్యాపారులు ఆమెను జీతానికి పెట్టుకున్నారు.

ఇప్పుడు లైను రోజూ కలుస్తోంది.

"మా ఊళ్లో అందరూ నీ పేరే చెప్పుకుంటున్నారక్కా," అన్నాడు రఫీకుల్ ఒక పొద్దున. అంత సంతోషంగా అతను మాట్లాడగా ఆమె ఎప్పుడూ వినలేదు. "ఇంకో రెండెకరాలు వేద్దామనుకుంటున్నా. నువ్వేమంటావు?"

చౌడమ్మ గది వాకిట్లో నిలబడి ఉంది. ఎదుట దున్నిన మట్టిలో చితికిన కాయలు ఇంకా ఎర్రగా కనబడుతున్నాయి.

"వేసుకో అన్నా," అంది. "నేను కొంటా."