చిల్లు లేని కుండ

గుహలో దేన్నీ ముట్టుకోవద్దని గైడ్ తొమాస్ చెప్పాడు. అరవవద్దన్నాడు. వరుస తప్పవద్దన్నాడు. హారతి ఇవ్వవద్దని మాత్రం చెప్పలేదు. ఎందుకు చెబుతాడు పాపం? గ్వాటెమాలా అడవుల్లో పుట్టి పెరిగిన మాయా జాతి మనిషి. చూడటానికొచ్చిన వాళ్ల చేతిసంచీలో కర్పూరం బిళ్లలుంటాయని అతను కలలోనైనా అనుకుని ఉండడు.

అమలాపురం నుంచి వచ్చిన ఆ బృందం పొద్దుటినుంచీ శిథిల నగరంలో మెట్ల గోపురాలు ఎక్కి దిగి, మధ్యాహ్నానికి అడవిదారిన ఈ గుహ చేరింది. మోకాలి లోతు వాగులోంచి లోపలికి నడవాలి. కొంత దూరం పోగానే గోడమీద పొడుగాటి ముక్కుతో, మిడిగుడ్లతో ఒక రాతిముఖం కనిపించింది. వానదేవుడు చాక్ అన్నాడు తొమాస్. దేవుడన్న మాట చెవిన పడ్డాక సత్యవేణి ఊరుకుంటుందా? అందరూ ముందుకు కదలగానే తాను వెనకబడి, రాతి అంచున కర్పూరం వెలిగించేసింది.

"అక్కా, వద్దే! ఇదేం మన గుడనుకున్నావా?" అన్నాడు తమ్ముడు పేర్రాజు.

"దేవుడిలో మనా పరా ఏంట్రా? నోర్మూసుకుని దణ్ణం పెట్టు."

పొగ పైకి లేచింది. పైకప్పున నల్లగా కనిపిస్తున్నది రాయి కాదు, గబ్బిలాలు! ఒక్కసారిగా వేలకు వేలు కిచకిచమంటూ విరుచుకుపడ్డాయి. కేకలు, తోపులాట, దీపాలు నీళ్లలో పడిపోవడం! "బయటికి! అందరూ బయటికి!" అని తొమాస్ గొంతు చించుకున్నాడు. సత్యవేణి చున్నీ ముఖానికి కప్పుకుని పరుగెత్తింది, కాని పక్కనున్న సొరంగంలోకి. అక్కడ నేలంతా నున్నటి బురద. జర్రున జారి కిందికి పోయింది.

"అక్కా!" అంటూ పేర్రాజు వెనకే దూకాడు.

ఇద్దరూ వచ్చి పడింది ఒక పెద్ద గదిలో. జారిన దారి నిలువుగా ఉంది, మళ్లీ ఎక్కడం మనిషి వల్ల కాదు. ఎదురుగా సుడులు తిరుగుతున్న లోతు మడుగు. దాని అవతలి గట్టున మాత్రం ఒక ద్వారం ఉంది. పేర్రాజు తలకు కట్టుకున్న దీపాన్ని గోడవారగా తిప్పి, నోరు తెరిచి నిలబడిపోయాడు.

వరసగా మట్టికుండలు. ఒకదాని నిండా నిగనిగలాడే పచ్చరాళ్లు! పూసలు, గాజులు, రాతిలో చెక్కిన చిన్న చిన్న ముఖాలు.

పేర్రాజు కుర్రతనంలో లంకెల బిందెల కోసం తవ్వని పాడుకోట లేదు. పెంకులూ ఎముకలూ తప్ప ఏమీ దొరకలేదు. యాభై ఏళ్లు దాటినా ఊళ్లో జనం "ఏం పేర్రాజుగారూ, బిందెలు దొరికినాయా అండీ?" అని వెక్కిరిస్తూనే ఉన్నారు. ఇప్పుడు చూడరా అమలాపురం! ఆ రాళ్లలో వేళ్లు జొనిపాడు.

"పేర్రాజూ, నీళ్లు పెరుగుతున్నాయిరా!" అంది సత్యవేణి.

అవతలి ద్వారంలో దీపం మెరిసింది. తొమాస్! మిగతావాళ్లను బయటికి పంపి వీళ్లకోసం వెనక్కి వచ్చాడు.

"కొండమీద వాన!" అని ఇంగ్లీషులో అరిచాడు. "ఈ ద్వారం మునిగిపోతుంది. మునిగితే ఇంక దారి లేదు. ఈది రండి, త్వరగా!"

తాడు విసిరాడు. అది సగం దూరంలోనే పడి ప్రవాహంలో కొట్టుకుపోయింది. సత్యవేణికి ఈత రాదు. పేర్రాజు ఆమెను వీపున వేసుకుని నీళ్లలోకి దిగాడు. నాలుగు బారలు వేశాడో లేదో, ఆమె భయంతో మెడ బిగించి పట్టేసింది. ఇద్దరూ మునిగి, ముక్కుల్లోకి నీళ్లెక్కి, ఎలాగో పాకి మళ్లీ ఇవతలికే వచ్చిపడ్డారు.

"కుండ!" అన్నాడు పేర్రాజు రొప్పుతూ. లంకల్లో పెరిగినవాడు. కుండ బోర్లించి పొట్టకింద పెట్టుకుని గోదావరి పాయ దాటే మనుషుల్ని చిన్నప్పుడు ఎందరినో చూశాడు. చేతికందిన కుండ బోర్లించి నీళ్లలోకి నొక్కాడు. బుడబుడమని గాలి పోయింది. అడుగున చిల్లు! ఇంకోటి తీశాడు. దానికీ చిల్లే. మరోటి, మరోటి...

"అన్నిటికీ ఉంటాయి!" అని అరిచాడు తొమాస్. "కుండకూ ప్రాణముంటుంది, దేవుడికి ఇచ్చేముందు చిల్లు పొడిచి ఆ ప్రాణాన్ని వదిలేసేవారు మా పెద్దలు!"

పేర్రాజు గిరుక్కున తిరిగి చూశాడు. రాళ్ల కుండ చుట్టూ నీళ్లు సగం దాకా వచ్చాయి. లోపల రాళ్లు మాత్రం పొడిగా మెరుస్తున్నాయి. చిల్లు లేనిది అదొక్కటే.

కుండ అంచు మీద చేతులు వేశాడు. వేశాడే గాని చేతులు కదలలేదు. జీవితమంతా వెతికిన వస్తువు మరి!

సత్యవేణి తమ్ముడి ముఖం చూసింది. "ఒరే, జేబుల్లో పట్టినన్ని వేసుకుని నువ్వు పోరా," అంది మెల్లగా. "ఇదంతా నా కర్పూరం వల్ల కదా వచ్చింది. నేను చూడాల్సినవన్నీ చూసేశాను. పోరా నాయనా."

"నోర్ముయ్యవే!" పేర్రాజు గొంతు గుహంతా మోగింది. కుండను ఎత్తి బోర్లించేశాడు. పచ్చరాళ్లు గలగలా మడుగులోకి జారిపోయాయి. అతను వాటివంక చూడలేదు. "పట్టుకో. పొట్టకింద పెట్టుకుని రెండు చేతులా వాటేసుకో. నా మెడ ముట్టుకున్నావంటే చంపేస్తాను."

ప్రవాహం ఇద్దరినీ గిరగిరా తిప్పింది. పేర్రాజు ఒక చేత్తో అక్క చున్నీ పట్టుకుని రెండో చేత్తో ఈదాడు. ద్వారం పైఅంచుకీ నీటికీ మధ్య తల పట్టేంత సందే మిగిలింది. "రండి! ఇంకొంచెం! ఇంకొంచెం!" నడుము లోతులో నిలబడ్డ తొమాస్ చేయి చాపి, ముందు సత్యవేణిని, తర్వాత పేర్రాజును అవతలికి లాగేశాడు. వాళ్ల వెనక ద్వారం గుటుక్కున మునిగిపోయింది.

గుహ బయట కుండపోత వాన. సత్యవేణి బురదలో కూలబడింది గాని కుండ మాత్రం వదల్లేదు. తొమాస్ మోకాళ్ల మీద కూర్చుని, ఆమె వేళ్లను ఒక్కొక్కటిగా విడదీసి, ఆ కుండను పసిబిడ్డను అందుకున్నట్టు అందుకున్నాడు. లోపలికి తొంగి చూశాడు.

"ఇందులో ఏముండేది?" అని అడిగాడు.

సత్యవేణికి ఏడుపు తన్నుకొచ్చింది.

"అంత నిధి పారబోసేశావు కదరా సన్నాసీ!"

"ఏం చెయ్యమంటావే? అది ఖాళీ చేస్తేగాని నువ్వు తేలవు కదా," అన్నాడు పేర్రాజు.

నవ్వుదామనే అన్నాడు. కాని ఆ మాట అవుతూనే అక్క భుజం మీద తల వాల్చి చిన్నపిల్లాడిలా బావురుమన్నాడు. ఆమె తడిచేత్తో అతని వీపు నిమురుతూ కూర్చుంది.