షెడ్డు ముందు ఆగిన కారు

కొండ రోడ్డు దిగడం మొదలయ్యే చోట మూతపడ్డ మెకానిక్ షెడ్డు ఒకటి ఉంది. చీకటి పడ్డాక దాని ముందు ఎవరూ బండి ఆపరు. ఆపితే బండి దానంతటదే ఊగుతుందని చెప్పుకుంటారు. ఆ మెకానిక్ బండి కింద పడుకుని చప్పుడు ఎక్కడుందో వెతుకుతుంటే, పైనుంచి భార్య బానెట్ నొక్కేదట. ఒకరోజు జాకీ జారింది... ఆయన పోయాడు. ఆ బెంగతోనే నెల తిరక్కుండా ఆవిడా పోయింది.

టాక్సీ డ్రైవరుకి ఈ సంగతి తెలియక కాదు. తెలిసే ఆపాడు, పాపం — గత్యంతరం లేక.

అతనిది పాత కారు. కొన్నాళ్ళుగా ముందు చక్రాల దగ్గర కీచుమంటోంది. గుంటలో పడితే కీచ్... స్టీరింగ్ తిప్పితే కీచ్... "పాత బండన్నాక ఆ మాత్రం మూలగదా?" అని భార్య మాట కొట్టిపారేసేవాడు. తలుపు బందులకి నూనె పోశాడు, బానెట్ బిగించాడు, మెకానిక్ పని తనకి వెన్నతో పెట్టిన విద్యని నలుగురికీ చెప్పుకున్నాడు. చప్పుడు మాత్రం పోలేదు.

ఆ రాత్రి వెనక సీట్లో భార్య, ఆమె ఒళ్ళో చంటిపిల్ల. ఇల్లు కొండ కింద. షెడ్డు దగ్గరికి వచ్చేసరికి ఆ కీచుమనడం కాస్తా ఏడుపులా మారింది.

"చూసి గానీ దించకండి," అంది భార్య. "పక్కన లోయ. పిల్ల ఉంది."

"ఇక్కడా?" అన్నాడు గొంతు తగ్గించి.

"ఇక్కడే. దెయ్యం కంటే మీ బండంటేనే నాకు భయం."

ఇంజను ఆపి, నేల మీద పడుకుని, చక్రం వెనక్కి చెయ్యి దూర్చాడు. పైనుంచి ఒకరు నొక్కుతుంటే కింద ఒకరు ఒక్కో కీలూ తడిమి చూడాలి.

"దిగి, బానెట్ మీద నొక్కు," అన్నాడు.

కాసేపు ఏమీ లేదు. తర్వాత... బండి ముందుభాగం కిందికి దిగింది. కీచ్. లేచింది. మళ్ళీ దిగింది. తొందర లేదు — బాగా అలవాటున్న చెయ్యి.

స్ప్రింగు నిమ్మళంగానే ఉంది. చక్రాన్ని పట్టి ఉంచే కింది బాల్ జాయింట్ మీద వేలు పెట్టేసరికి కరకరమంది. ఇంకో నొక్కుకి అది గూట్లోంచి ఊడొచ్చేలా కదిలింది. మొదటి మలుపులోనే చక్రం ఊడిపడేది... ముగ్గురూ లోయలో ఉండేవాళ్ళు.

ఒళ్ళంతా చెమటతో లేచి వెనక తలుపు తీశాడు. "నువ్వు నొక్కబట్టి దొరికింది... బతికాం."

భార్య చెప్పులు విప్పేసి, కాళ్ళు ముడుచుకుని, పిల్లకి పాలిస్తోంది.

"నేను దిగలేదే," అంది మెల్లగా. "మీ మాట వినపడనేలేదు. మీరే ఊపుతున్నారనుకున్నాను."

బండి మళ్ళీ దిగింది... కీచ్... లేచింది.

అతను పిల్లని ఎత్తుకుని, భార్య చెయ్యి పట్టుకుని, కొండ దిగడం మొదలుపెట్టాడు. వెనక్కి చూసే ధైర్యం లేదు. వెనక చప్పుడు మాత్రం ఆగలేదు. కీచ్... కీచ్...

మలుపు దగ్గర అతని కాళ్ళు ఆగాయి. కింద పడుకున్నవాడు 'చాలు' అనే దాకా పైవాళ్ళు చెయ్యి తియ్యరు, ఆ పనిలో పద్ధతి అది. తను చాలనకుండానే వచ్చేశాడు. ఆ మెకానిక్కూ... చాలనకుండానే పోయాడు.

"చాలమ్మా," అన్నాడు గొంతెత్తి. "దొరికింది. ఇక చాలు."

చప్పుడు ఆగింది.