మ్యాపులో సత్తయ్య దుకాణం

పటాన్‌చెరు చుట్టుపక్కల దుకాణాలను ఫోన్ మ్యాపులో పైకి తేవడం శ్రావణ్‌కుమార్ పని. దగ్గరలో మోటార్ వైండింగ్ ఎక్కడుందని ఎవరు వెతికినా తన దుకాణమే మొదట కనపడాలని చంద్రకాంత్ అతన్ని పెట్టుకున్నాడు. అడ్డమల్లా లక్డారం రోడ్డు మీది సత్తయ్య ఒక్కడే. కాలిపోయిన మోటారుకు ఆ ముసలాయన తీగ చుడితే మళ్లీ చూసుకోనక్కర్లేదని ఫ్యాక్టరీలవాళ్లంతా మ్యాపులో మెచ్చుకుంటూ రాసేవాళ్లు.

చంద్రకాంత్ చెప్పినట్టే శ్రావణ్ రకరకాల పేర్లతో ఫిర్యాదులు పెట్టాడు. సత్తయ్య దుకాణం శాశ్వతంగా మూతపడిందని మ్యాపులో ఎర్రక్షరాలు పడ్డాయి. గిరాకీ ఆగిపోయింది. ముసలాయన వాళ్ల దగ్గరికే వచ్చి, తాను బతికే ఉన్నానని, ఆ మాట తీసెయ్యమని బతిమాలాడు. చంద్రకాంత్ నవ్వి పంపేశాడు. ఆ ఎండాకాలమే, గిరాకీ కోసం చూస్తూ చూస్తూ, సత్తయ్య కూర్చున్నచోటే ప్రాణం విడిచాడు.

వానలు మొదలయ్యాయి. ముసురు పట్టిన ఓ సాయంత్రం చంద్రకాంత్‌కు వరసగా ఫోన్లు. మ్యాపు చూసుకుంటూ వచ్చామని, షట్టర్ దించి ఉందని, లోపల్నుంచి ఎవరో ముసలాయన ‘ఆగుండ్రి, చంద్రకాంత్ వస్తుండు’ అంటున్నాడని.

చంద్రకాంత్ చెప్పగానే శ్రావణ్ ఫోన్లో మ్యాపు తెరిచాడు. చంద్రకాంత్ దుకాణం గుర్తు సత్తయ్య దుకాణం మీద ఉంది. వెనక్కి జరిపాడు. అతను చూస్తుండగానే అది లక్డారం రోడ్డు వెంట మెల్లమెల్లగా, మనిషి నడిచినట్టు, మళ్లీ అక్కడికే వెళ్లి ఆగింది.

ఎవడి కొంటెపనో తేలుస్తానని చంద్రకాంత్ బండి తీశాడు. కాసేపటికి ఫోన్ చేశాడు. గొంతు లోపలికి పోయింది.

“శ్రావణ్... షట్టర్ జెర లేచి ఉంటే లోపలికొచ్చిన. నా ఎనకంగ షట్టర్ కిందికి పడ్డది. జల్దీ రా... ఫోన్ పెట్టకు.”

ఆ మాటల వెనక, కర్... కర్... కర్... తీగ చుట్టే మిషన్ తిరుగుతున్న చప్పుడు.

ఫోన్ జేబులో అట్లాగే ఉంచుకొని శ్రావణ్ వచ్చేసరికి, తడిసిన మట్టి వాసనలో ఫ్యాక్టరీల ఘాటు కలిసి గొంతు పట్టుకుంటోంది. దుకాణం ముందు చంద్రకాంత్ బండి ఉంది. షట్టరుకు తాళం ఉంది. తుప్పు పట్టి, సాలెగూడు కట్టిన తాళం. ఎదురుగా చాయ్ అమ్మే బక్కమ్మను అడిగితే, సత్తయ్యను తీసుకుపోయిననాటి నుంచి అది ఎవరూ తియ్యలేదంది. ఇనప రాడ్ ఇచ్చింది గాని, రోడ్డు దాటి రాలేదు.

తాళం పగిలింది. షట్టర్ పైదాకా లేపి శ్రావణ్ లోపలికి అడుగుపెట్టాడు.

ఎవరూ లేరు.

నేలంతా దుమ్ము. దాని మీద ఒక్క అడుగు జాడ కూడా లేదు. అప్పుడే పూసినట్టు వార్నిష్ వాసన... వెచ్చగా. మూలన తీగ చుట్టే మిషన్ కదలకుండా ఉంది. జేబులో మాత్రం... కర్... కర్...

ఫోన్ తీసి చెవికి పెట్టుకున్నాడు.

“వచ్చినవా శ్రావణ్... షట్టర్ కింది సందుల నీ కాళ్లు కనపడుతున్నయ్. ఏంది గట్ల నిలబడ్డవ్... లేపు.”

ఫోన్లో మిషన్ చప్పుడు ఆగింది. చంద్రకాంత్ ఇంకా మెల్లగా అడిగాడు.

“నీ పక్కపొంటి ఇంకో రెండు కాళ్లున్నయ్... ఎవరియి?”