కారు నెత్తిన కిటికీ

కుందారపల్లిలో హైవే పక్కన, మామిడితోట ముందున్న ఆ ఇంటికి కారు వచ్చిన రోజు ఊరివాళ్ళు చక్రాల్ని చూడలేదు, సీట్లని చూడలేదు. దాని నెత్తిన ఉన్న కిటికీని చూశారు. బటన్ నొక్కితే నల్లటి అద్దం వెనక్కి జరిగి ఆకాశం కనబడుతుంది. సన్‌రూఫ్ అంటారట. "మా ఇంటి ఆడవాళ్ళు ఆకాశం చూసుకోనీ అని ఈ కారు తీసినాను" అని పునీత్ పదిమందికీ చెప్పుకున్నాడు. బటన్ మాత్రం డ్రైవరు చేతికి అందేచోట ఉంది. ఆ సీట్లో ఆ ఇంటి ఆడది ఏనాడూ కూర్చోలేదు.

అది వినుత రాకముందు సంగతి. వినుత పునీత్‌కి రెండో భార్య. మొదటి భార్య అంబిక ఏడోనెల కడుపుతో, గాజులు తొడిగిన వారానికే చనిపోయింది. కృష్ణగిరిలో బంధువుల పెళ్ళికి వెళ్ళారు, మండుటెండలో మండపం బయట కారులో నిద్రపోయింది, మళ్ళీ లేవలేదు, గుండె ఆగింది అని చెప్పారు. వినుత అంతకన్నా అడగలేదు. చచ్చిపోయిన ఆడదాని గురించి అడిగితే బతికున్న ఆడదానికి కుళ్ళు అంటారు.

ఇప్పుడు వినుతకి ఏడోనెల. ఆదివారం మత్తూరులో ఆడబిడ్డ ఇంట్లో గాజులు తొడిగే పండగ. కొత్తవి నిండుగా తొడగాలని అత్త కెంపమ్మ ఆమె మట్టిగాజులన్నీ ముందే తీయించింది. చేతులు బోసిగా, తేలిగ్గా ఉన్నాయి.

ఆ వారంలోనే ఒకరోజు తెల్లవారి, వాకిట్లో నిలబెట్టిన కారు సన్‌రూఫ్ పగిలి కనబడింది.

"కోతులు రాయి వేసినాయి" అన్నాడు పునీత్, కాఫీ తాగుతూ.

వినుత చీపురు తెచ్చింది. ఆ ఇంట్లో ఏది పగిలినా ఊడ్చేది ఆమే. అందుకే ఎక్కడ ఏం పడిందో ఆమెకే తెలిసింది. కారు పైకప్పు నిండా గాజుముక్కలు. బానెట్టు మీద, చుట్టూ మన్నులో గాజుముక్కలు. లోపల సీట్ల మీద చెయ్యి పెట్టి తడిమింది. ఒక్క ముక్క లేదు. రాయీ లేదు.

"రాయి పైనుంచి పడితే ముక్కలు లోపల పడాల కదా" అంది.

"అన్నిటికీ నీకు ప్రశ్నలే. పద, హోసూరుకు పోవాల."

చిల్లు మీద పాలిథిన్ కవరు పరిచి టేపు వేశాడు. దారిపొడుగునా అది గాలికి పటపట కొట్టుకుంది. మంచు ఇంకా విడవలేదు. లారీలు మసకలోంచి వచ్చి మసకలోకి పోతున్నాయి. శూలగిరిలో టీ కొట్టు దగ్గర పునీత్ కారు ఆపాడు.

"ఈడనే ఉండు. రెండు నిమిషాలు."

దిగి, వెనక్కి చూడకుండా రిమోట్ తాళం నొక్కాడు. టక్కుమంది. అది అతని అలవాటు. పెట్రోలు బంకులో, మంగలిషాపు ముందర, ఎక్కడైనా అంతే. బయటినుంచి తాళం పడితే ఆ కారు తలుపులు లోపలినుంచి తెరుచుకోవు. పెళ్ళయిన కొత్తలో వినుత దాన్ని జాగ్రత్త అనుకుంది. తరవాత అలవాటు అనుకుంది. ఏమీ అనుకోవడం మానేసి కూడా చాన్నాళ్ళయింది.

కారు ఆగింది గనక కవరు చప్పుడూ ఆగింది. గాలి లేదు. తడి మట్టివాసన. దానికింద ఇంకేదో వాసన... ఎండకు మాడిన మల్లెపూల వాసన.

తల ఎత్తి చూసింది. బిగుతుగా పరిచిన కవరు మధ్యలో ఉబ్బింది. మెల్లగా. బయటినుంచి ఎవరూ లాగడం లేదు. లోపలినుంచి ఏదో పైకి తోస్తున్నట్టు ఉబ్బింది. అయిదు వేళ్ళు... విడివిడిగా... అరచెయ్యి.

వినుత తన చేతులు చూసుకుంది. రెండూ ఒళ్ళోనే, కడుపు మీద ఉన్నాయి.

వెనక సీట్లో గాజులు గలగలమన్నాయి.

ఆమె తిరిగి చూడలేదు. తలుపు పిడి పట్టి లాగింది. లాగుతూనే ఉంది. పునీత్ వచ్చి తాళం తీసేదాకా లాగుతూనే ఉంది.

"ఏం, మొగం అట్లుండాది?"

"ఏంలేదు."

హోసూరులో రాయకోట రోడ్డు మీద మునిరాజు షెడ్డు. పునీత్ అతని చేతికి తాళం ఇచ్చాడు. కారుకు ఉన్నది అదొక్కటే. రెండోది ఎప్పుడో పోయిందట. "నువ్వు ఈడ కూర్చో. ఏమారితే పార్టులు మార్చేస్తారు" అని మునిరాజుకు వినబడేట్టే భార్యతో చెప్పి, కంపెనీ డ్యూటీకి పోయాడు.

మునిరాజు నవ్వి ఆమెకు ఫ్యాను కింద కుర్చీ వేశాడు. "మార్చేదానికి ఈ బండిలో ఏముందమ్మా, అద్దం తప్ప. ఇది మూడోది. ఏం చేస్తారమ్మా దీన్ని, రోకలిబండతో దంచుతారా?"

"మూడోదా?"

"తొలిసారి మామిడికొమ్మ విరిగి పడింది అనె మీ ఇంటాయన. రెండోసారి లారీ టైరుకింద రాయి ఎగిరింది అనె. ఇప్పుడు ఏమంట?"

"కోతులంట."

"కొమ్మ, లారీ, కోతి. ఇంక ఏనుగే మిగిలింది. అంచెట్టి అడవి పక్క పోతే అదీ అయిపోతాది."

వినుతకు నవ్వు రాలేదు. "అన్నా, సీటు మీద ఎప్పుడైనా గాజుముక్కలు ఉండెనా?"

మునిరాజు చేతిలో స్క్రూడ్రైవరు ఆగింది. షెడ్డు తలుపుల వైపు చూశాడు, పునీత్ ఇంకా అక్కడే ఉన్నట్టు. "లేదమ్మా" అన్నాడు గొంతు తగ్గించి. "మూడుసార్లూ లేదు. అడగాలనుకుంటి... మనకెందుకులే అని ఊరుకుంటి."

ఊరుకున్నవాడు అతనొక్కడే కాదని వినుతకు తెలుసు. ఆ పెళ్ళి మండపంలో వందలమంది ఊరుకునే ఉంటారు.

పాత ఫ్రేము ఊడదీసి, వాననీళ్ళు దిగిపోయే సన్నగొట్టాల్లో మునిరాజు గాలి కొట్టాడు. ఒకదాంట్లో ఏదో అడ్డుపడింది. తీగ పెట్టి లాగాడు. తడిసిన ఆకు చెత్త, ఒక పొడుగాటి వెంట్రుక, దానికి చిక్కుకుని ఆకుపచ్చటి మట్టిగాజు ముక్క.

"మీదేనా అమ్మా?"

వినుత బోసి చేతులు చూపించింది. మునిరాజు ఆ ముక్కని షెడ్డు కిటికీ గట్టు మీద పెట్టి, చేతులు ప్యాంటుకు గట్టిగా తుడుచుకున్నాడు.

కొత్త అద్దం బిగించి, చుట్టూ జిగురు ఆరేసరికి దీపాలు పెట్టే వేళయింది. బయట తుంపర. తాళం తెచ్చి వినుతకు ఇచ్చాడు. "నీళ్ళు పోసి చూడాల. లోపల ఒకరు కూర్చుంటే కారుతుందా లేదా తెలుస్తాది."

ఆమె లేవబోతుండగా పునీత్ వచ్చాడు. "నీకేం తెలుస్తాది? నేను చూస్తా. నువ్వు నిలబడు."

వెనక సీట్లో కూర్చున్నాడు. తలుపు వేసుకున్నాడు. మునిరాజు పైపు పట్టి కారు నెత్తిన నీళ్ళు వదిలాడు. నల్లటి అద్దం మీద నీళ్ళు పరుచుకుని నాలుగు పక్కలా జారుతున్నాయి. లోపల పునీత్ తల ఎత్తి చూస్తున్నాడు.

కరెంటు పోయింది.

"ఒక్క క్షణం, జనరేటరు వేసొస్తా" అని మునిరాజు పైపుని కారు మీదే వదిలి షెడ్డు వెనక్కి పోయాడు. చీకటి. నీళ్ళ చప్పుడు. రోడ్డు మీద లారీ పోయినప్పుడల్లా ఒక వెలుగు పట్టీ షెడ్డులోకి వచ్చి పోతోంది.

టక్కు.

కారు దీపాలు పసుపుపచ్చగా ఒకసారి మెరిసి ఆరిపోయాయి.

"ఏయ్, ఎందుకు లాక్ చేస్తివి?" పునీత్ గొంతు అద్దం వెనకనుంచి, నీళ్ళకింద నుంచి వచ్చినట్టుంది.

"నేను నొక్కలేదు."

తాళం ఆమె పిడికిట్లో ఉంది. బొటనవేలు దాని మీదే ఉంది. నొక్కలేదు. నొక్కలేదనే అనుకుంది.

తెరిచే బటన్ నొక్కింది. ఏమీ కాలేదు. మళ్ళీ నొక్కింది. పునీత్ తలుపు తోస్తున్నాడు. అద్దం మీద కొడుతున్నాడు. అతని నోరు ఇంకా తెరిచే ఉంది... కొట్టే చెయ్యి ఆగిపోయింది. ఏదో వినబడ్డవాడిలా అతను పక్కకు తిరిగాడు.

మల్లెపూల వాసన. ఎండకు మాడిన మల్లెపూలు... ఈ వానలో.

లారీ వెలుగు వచ్చింది. పక్కన ఖాళీగా ఉన్న సీటు వైపు తిరిగి పునీత్ మాట్లాడుతున్నాడు. గుసగుసగా. వినుత అద్దానికి చెవి ఆనించింది.

"రెండు నిమిషాలే అనుకుంటి... పంక్తిలో కూర్చోబెట్టేసినారు... పెద్దోళ్ళు నా పక్కనే ఉండిరి... తినేదాని నడిమిలో ఎట్ల లేచి వచ్చేది? మర్యాద గాదు గదా..."

అతను తల పక్కకు వంచాడు. అవతల ఎవరో ఏదో అన్నారేమో.

"నువ్వు బస్సెక్కి పుట్టింటికి పోతానంటివి... అందుకే లాక్ వేస్తి. పోతానని ఎందుకంటివి?"

గాజులు గలగలమన్నాయి.

ఇన్నాళ్ళూ వినుతకు చెప్పిన చావు ఒకటి. ఇప్పుడు విన్నది ఇంకొకటి. పప్పన్నం, పాయసం, అప్పళం... విస్తరి ముందు ఒక మగవాడి మర్యాద. బయట ఎండలో అద్దాన్ని పైకి తోస్తున్న రెండు చేతులు. మండపం లోపల మేళం మోగుతూ ఉండి ఉంటుంది.

ఆమె ఒక అడుగు వెనక్కి వేసి కారు నెత్తిని చూసింది.

పైపు నీళ్ళు పోస్తూనే ఉంది. కానీ ఇప్పుడు నీళ్ళు అద్దం మీద పరుచుకోవడం లేదు. మధ్యలో ఒక చోటుని తప్పించుకుని చుట్టూ పోతున్నాయి. పొడిగా ఉన్న చోటు. గుండ్రంగా. కడుపుతో ఉన్న మనిషి బాసింపట్టు వేసుకుని కూర్చుంటే ఎంత చోటు పడుతుందో, అంత.

ఆ పొడిచోటు పైన ఏమీ లేదు.

అది కొద్దిగా ముందుకు వంగింది.

వినుత బటన్ నొక్కుతూనే ఉంది. తరవాత... నొక్కడం ఆపింది. ఎందుకు ఆపిందో ఆమె ఎన్నడూ ఎవరికీ చెప్పలేదు.

అద్దం పగిలింది.

జనరేటరు గుడగుడలాడి దీపాలు వచ్చాయి. తలుపు తనంతట తనే తెరుచుకుంది. పునీత్ బయటికి పాక్కుంటూ వచ్చి నేల మీద కూర్చున్నాడు. తలలో, ఒళ్ళో, చొక్కా మడతల్లో అన్నీ నల్లటి గాజుముక్కలు. ఒక్క గీత పడలేదు, ఒక్క చుక్క నెత్తురు లేదు. అరచేతులు మాత్రం ఎర్రగా, బొబ్బలెక్కి ఉన్నాయి.

మునిరాజు టార్చి పట్టుకుని కారు చుట్టూ తిరిగాడు. పైకప్పు చూశాడు. నేల చూశాడు. లోపలికి వంగి చాలాసేపు చూశాడు.

"ఈసారి అన్నీ లోపలే పడినాయమ్మా" అన్నాడు మెల్లగా. "బయట ఒక్క ముక్క లేదు."

కిటికీ గట్టు మీద పెట్టిన ఆకుపచ్చ గాజు ముక్క కూడా లేదు.

"బండి ఈడనే ఉండనీ. ఆయన్ని నేను ఆటోలో పంపిస్తా" అన్నాడు మునిరాజు. "మీరు ఎట్ల పోతారు?"

"బస్సెక్కుతా. కృష్ణగిరిలో మా అక్క సుమ ఉండాది. ఆడికి పోతా."

చెప్పింది మునిరాజుకే అయినా చూసింది పునీత్ వైపు. పోవద్దని అంటాడేమో, రెండు నిమిషాలు ఉండమంటాడేమో అనుకుంది. పునీత్ తల ఎత్తలేదు. బొబ్బలెక్కిన చేతుల్ని మోకాళ్ళ మధ్య దాచుకున్నాడు.

కృష్ణగిరి బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. కిటికీ తెరిచింది. తుంపర మొహానికి తగిలింది. ఎదురు సీట్లో ఒకావిడ తోటకూర కట్టలు ఒళ్ళో పెట్టుకుని కునుకుతోంది. కడుపులో బిడ్డ కదిలింది. పొద్దుటినుంచీ మొదటిసారి వినుత నిండా ఊపిరి పీల్చుకుంది.

శూలగిరి రాకముందే ఫోను మోగింది. అత్త.

"ఏమ్మా, ఏం చేస్తాండారు మీరిద్దరూ?" కెంపమ్మ గొంతులో చిరాకు. "కారు వచ్చి ఎంతసేపాయె. వాకిట్లో నిలిపి దిగరేం? వాడు వెనక సీట్లో కూర్చుని తలుపు కొడతాండాడు. నేను లాగితే రాదు. తాళం తియ్యరాదా?"

వినుత ఫోను చెవికి గట్టిగా నొక్కుకుంది.

"నువ్వూ పక్కనే ఉండావు గదా. నీడ కనబడతాండాది. ఆదివారం దాకా మట్టిగాజులు వద్దంటిని గదమ్మా, ఎందుకు వేసుకుంటివి? ఆ గలగల ఇంట్లోకి వినబడతాండాది..."

బస్సు గుంతలో పడి లేచింది. వినుత తన పిడికిలి విప్పి చూసుకుంది. షెడ్డులో పట్టుకున్నది ఇంకా వదల్లేదు. కారు తాళం అరచేతిలోనే ఉంది. ఎండలో పెట్టి తీసినట్టు కాలుతోంది.

ఫోనులో, దూరంగా, అద్దం మీద ఎవరో రెండు చేతులతో కొడుతున్న చప్పుడు.

"వినుతా... ఏమ్మా, పలకవేం? తలుపు తియ్యి."

"రెండు నిమిషాలు ఉండత్తా" అంది ఎవరో, వినుత గొంతుతో.