ఎర్రరంగు కింది గుడిసెలు

ఆ పటాన్ని భీమారావు చేతికిచ్చింది మీరే, మిల్లు కమిటీ పెద్దల్లారా! గోదాము కోసం కూలీల బస్తీ ఖాళీ కావాలి మీకు. వాడు క్షుద్రం చేస్తున్నాడని తెలిసే ఆఫీసు తాళంచెవి వాడికిచ్చి, గ్రహణం సెలవంటూ ఇళ్లకు పోయారు. ఏం జరిగిందో వినండి.

1980 ఫిబ్రవరి పదహారు. అమావాస్య. మధ్యాహ్నం మూడు దాటింది... రాయపూర్ మీద సూర్యబింబాన్ని రాహువు కబళిస్తున్నాడు! పట్టపగలే చీకటి కమ్ముతోంది. మిల్లు పొగగొట్టం మీద గుడ్లగూబ కూసింది. మబ్బులేని ఆకాశంలో ఎక్కడో ఉరిమింది...

ఆఫీసు పెరట్లో, పటాలకు నకళ్లు గీసే ట్రేసరు భీమారావు ఒక్కడే ఉన్నాడు. ఎదురుగా ఎనభై ఏళ్లనాటి పటం. మిల్లు ఊరు ఎలా పెరిగిందో రంగుల్లో చూపే పటం. రైలు రాకముందున్న మిల్లు పసుపు. రైలొచ్చాక లేచిన గోదాములు ఆకుపచ్చ. పెద్ద కరువునాడు కలుపుకున్న నేల, ఇప్పటి బస్తీ నేల, ఎరుపు... రక్తారుణం! ఆ నేలలోంచి తవ్వి తెచ్చిన కపాలం పక్కనే నోరు తెరుచుకుని ఉంది. గ్రహణపు ఎండలో ఈ పటానికి నకలు తీసి, అందులో ఏ ఇంటిని వదిలేస్తే ఆ ఇంటివాళ్లు భూమ్మీద మిగలరు. అదీ వాడి సాధన.

గేటు దగ్గర నూకరాజు ఆగాడు. ఖాళీ చేయించడానికి అడ్డుపడుతున్న బస్తీ యూనియన్‌ను నడిపేది అతనే. ఇద్దరూ శ్రీకాకుళం నుంచి ఒకే రైల్లో వచ్చి దిగినవాళ్లు.

"ఏటి బావా, సూర్యుడికే ఛుట్టీ దొరికింది, నీకివ్వలేదేటి?"

"నీ పని నువ్వు సూసుకో, లీడరుగారూ."

"సూసుకుంటాన్లే. దాలమ్మకి అయిదో నెల, గదిలో పడుకోబెట్టి తలుపేసినాను. విడుపయ్యాక మా ఇంటికొచ్చి బువ్వ తిను. ఒక్కడివీ ఏటి వండుకుంటావు?"

భీమారావు మనసులో పాత లెక్కలు తీశాడు. దాలమ్మను ముందు చూసొచ్చింది తను. పిల్లనిచ్చింది వీడికి. బస్తీలో దండాలు వీడికి. ఇప్పుడు బిడ్డ కూడానా? పైగా తనకు అన్నం పెడతాడట!

నూకరాజు వెళ్లగానే వాడు పనికి దిగాడు. పాత పటం మీద ట్రేసింగు గుడ్డ పరిచి ఇప్పటి ఇళ్లన్నీ ముందే దించి ఉంచాడు, రైలుకట్టకు తూర్పున నూకరాజు ఇల్లొక్కటి తప్ప. కట్టకు పడమట సరిగ్గా అంతే దూరంలో భీమారావు క్వార్టరు. గుడ్డను అద్దం కింద పెట్టి, దాని కింద మందు పూసిన కాగితం ఉంచి, ఎండ చూపించి నీళ్లలో ముంచితే నీలం మీద తెల్లగీతలు తేలతాయి. గుడ్డకు సిరా వైపు ఏదో చూసి పెట్టాలి. తిరగేసి పెడితే తూర్పు పడమరవుతుంది. ఇరవై ఏళ్లలో తప్పని చెయ్యి వాడిది. కానీ ఆ పూట వాడి కళ్లు గుడ్డ మీద లేవు... కట్ట అవతల నూకరాజు ఇంటి కప్పు మీద ఉన్నాయి. అటే చూస్తూ గుడ్డను అద్దం కింద పెట్టి ఎండ చూపించాడు.

"హ్రాం హ్రీం... ఛేదయ! ఉచ్ఛేదయ!"

బస్తీలో కేక పుట్టింది. జుట్టు విరబోసుకుని దాలమ్మ గ్రహణంలోకి వచ్చేసింది! వెనకాల నూకరాజు పరుగెత్తుతున్నాడు, పట్టుకోలేకపోతున్నాడు. గేటు విరుచుకుని ఆమె పెరట్లోకి వచ్చి నిలబడింది. గొంతు ఆమెది కాదు, ఎవరో ముసలిదానిది.

"మోర్ ఘర్ కహాఁ హే? నా ఇల్లెక్కడరా?"

"తుడిచేసినాను" అంటూ భీమారావు నవ్వి కాగితాన్ని నీళ్ల తొట్టిలో ముంచాడు.

నీలం విచ్చుకుంది... గీతలు ఒక్కొక్కటే తేలాయి. కట్టకు తూర్పున ఇల్లుంది. పడమట, తన క్వార్టరు ఉండాల్సినచోట, ఏమీ లేదు.

"కరువునాడు గంజి పోస్తామని పిలిచారు. మేం ఆకలితో చచ్చాక మా నలభై గుడిసెల మీద ఎర్రరంగు పూసి మిల్లు పెంచుకున్నారు. నా తల తవ్వి తెచ్చి, నా చేతే ఇంకో ఇల్లు కూల్పిస్తావా?" అంది ఆ ముసలి గొంతు.

కపాలం దవడలు వాడి మణికట్టు మీద మూసుకున్నాయి! వేళ్లు తెల్లబడ్డాయి, చెయ్యి తెల్లబడింది, ముఖం కాగితంలా వెలిసింది... ఆర్తనాదం సగంలో ఆగింది. కట్టకు పడమట వాడి క్వార్టరు కూలిన చప్పుడు వినిపించింది. సూర్యుడు బయటపడేసరికి తొట్టి దగ్గర భీమారావు లేడు.

దాలమ్మ కళ్లు తెరిచింది. "ఆకలేస్తంది మావా" అంది. నూకరాజు ఆమె పొట్ట మీద చెయ్యి పెట్టి, లోపల కదలిక తెలిశాక ఏడ్చాడు.

ఇప్పుడు ఆ పటం మళ్లీ మీ బీరువాలోనే ఉంది. సోమవారం ఆ ఎర్రనేలలోనే గోదాముకు పునాది తవ్విస్తారట. ఆపండి. ముందు ఆ ఎముకలు తీయించి దహనం చేయించండి. పటాన్ని బస్తీ ముందు పరిచి, ఆ నలభై గుడిసెలనూ ఎర్రరంగు మీద నల్లసిరాతో గీయించండి. ఉన్న ఇళ్లకు పట్టాలివ్వండి. సోమవారం లోపల.