మేస్త్రీ ఇంట్లో నాలుగో పాదం

తర్లుపాడులో చివరి బస్సు దిగి మా ఊరికి నడిచొచ్చేవాళ్ళు నలుగురైదుగురు ఉంటే, మేస్త్రీ ఇల్లు కనబడగానే మాటలు ఆపేస్తారు. ఒంటరిగా వచ్చేవాళ్ళు మాత్రం అక్కడే మాట్లాడటం మొదలుపెడతారు, తమతో తామే.

పాత పలక గని పక్కన రాతి గోడల ఇల్లు అది. గని మూతపడ్డాక మేస్త్రీ కుటుంబం మార్కాపురం వెళ్ళిపోయింది. పన్నెండేళ్ళు తలుపుకు తాళమే. గనిలో నీళ్ళు నిలిచాయి. అందులో ఎవరు దూకి చచ్చారో ఎవరికీ తెలియదు గానీ, దూకింది మాత్రం ఆడమనిషేనని అందరికీ తెలుసు. రాత్రిపూట గజ్జెల చప్పుడు వినిపిస్తుందంటారు. మా ఊరి శ్యాంసన్ మోటారు సైకిలు సరిగ్గా ఆ ఇంటి ముందే మూడుసార్లు ఆగిపోయిందట. ఆ బండి చర్చి ముందు కూడా ఆగిపోతుంది, సంతలోనూ ఆగిపోతుంది. అది చెబితే కథ పాడవుతుందని శ్యాంసన్ చెప్పడు.

నేను చెప్పబోయేది మా పుల్లయ్య మామకు జరిగింది. మామ దీన్ని నాకు ఇప్పటికి పదకొండుసార్లు చెప్పాడు. చెప్పినప్పుడల్లా చీకటి కొంచెం చిక్కబడింది. నేను నమ్మగలిగినంత వరకే ఇక్కడ చెబుతాను.

ముందు మామ గురించి. మనిషికి పద్యనాటకాల పిచ్చి. నలభై ఏళ్ళు స్టేజీ ఎక్కాడు. నలభై ఏళ్ళూ ద్వారపాలకుడి వేషమే. బల్లెం పట్టుకుని గుమ్మం పక్కన నిలబడాలి, "చిత్తం మహారాజా" అనాలి. ఆ రెండు మాటల కోసం మధ్యాహ్నం నుంచే మొహానికి రంగు పూసుకునేవాడని మా అత్త వెంకటసుబ్బులమ్మ ఇప్పటికీ దెప్పుతుంది.

ముప్పై అయిదేళ్ళ కిందట మా ఊరికంతా ఒకటే టీవీ, పంచాయతీ ఆఫీసులో. ఒక రాత్రి అందులో నాటకం వచ్చింది. రాణి వేషం కంభం హేమలతది. అప్పట్లో మా వైపు ఆమె పేరు తెలియనివాళ్ళు లేరు. కథ ఏమిటంటే, యుద్ధంలో పడిపోయిన భర్తను వెతకడానికి రాణి కోట దాటి వెళ్ళాలి. తలుపు తీయొద్దని పెద్దల ఆజ్ఞ. నడిరాత్రి ఆమె వచ్చి ద్వారపాలకుడిని అడుగుతుంది.

"ఏడవలేదురా ఆమె," అంటాడు మామ. ఇక్కడికి వచ్చేసరికి ఎప్పుడూ గొంతు తగ్గిస్తాడు. "వేరేవాళ్ళయితే గుండెలు బాదుకుందురు. ఆమె తలుపు మీద ఒక చెయ్యి పెట్టింది, అంతే. ఎదురుగా ఉండే ఒక్క మనిషికి చెప్పినట్ల చెప్పింది. నలభై ఏళ్ళు నేను బల్లెం పట్టుకొని నిలబడినా... ఒక్క రాణి నా మొహం చూడలే. అందరూ జనాన్ని చూసి పాడినోళ్ళే. ఆమె మాత్రం ఆ ద్వారపాలకుడి కళ్ళల్లోకి చూసి పాడింది."

ఆమె పాడిన పద్యం ఇది:

తలుపు తీయుమన్న తాళమ్ము నీ చేత
నున్న నేమి యన్న యుల్లమేది?
రేపు నీదు భార్య రేయెల్ల నిటు నిల్చి...

నాలుగో పాదానికి ఆమె ఊపిరి పీల్చుకుంది. సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది.

మళ్ళీ కరెంటు వచ్చేసరికి టీవీలో వార్తలు చదువుతున్నారు. మామ కనబడినవాళ్ళనల్లా పట్టుకుని అడిగాడు. నాటకం జరిగినంతసేపూ మిద్దె మీద యాంటెన్నా గొట్టం పట్టుకుని నిలబడిన దేవదానాన్ని కూడా వదల్లేదు, "గొట్టంలో ఏమన్నా వినబడిందా" అని.

ఉన్న మూడు పాదాలైనా మరిచిపోకూడదని, ఆ రాత్రే కొడుకు పలక లాక్కుని దాని మీద రాసుకున్నాడు. నాలుగో వరస ఖాళీ. ఆ పలక ఇప్పటికీ వాళ్ళింటి గోడకు వేలాడుతోంది. దాన్ని తుడవబోయిన మనవడికి వీపు విమానం మోత మోగింది. ఆ నాటకం టీవీ కోసమే రాసింది, స్టేజీ మీద ఎవరూ ఆడలేదు. గిద్దలూరులో, కనిగిరిలో, ఎక్కడ నాటకాలు జరిగినా మామ పోయి పాత నటులను అడిగేవాడు. ఎవరికీ తెలియదు. ఏం మాట అన్నందుకు ద్వారపాలకుడు ఆ తలుపు తీశాడో, అసలు తీశాడో లేదో తెలియకుండానే పోతానేమోనని మామ బెంగ. మేం నవ్వుతాం గానీ, అది నిజమైన బెంగే.

సరే. మొన్న శీతాకాలంలో మామ కనిగిరిలో కూతురింట్లో వారం ఉండి తిరిగొస్తున్నాడు. బస్సెక్కుతుంటే అత్త ఫోను చేసింది.

"ఏమయ్యా, మన మేస్త్రీ ఇంట్లో—"

"వచ్చినాక చెప్పు. సీటు పోతాది," అని మామ పెట్టేశాడు. తర్వాత చేద్దామంటే ఫోనులో చార్జింగు లేదు.

బస్సు దిగేసరికి ఎనిమిదిన్నర. అమావాస్య దగ్గర్లో ఉంది. భుజాన సంచి, చేతిలో గొడుగు. తోడు ఎవరూ లేరు. దారి పొడుగునా మామకు ఒకటే ఆలోచన... మేస్త్రీ ఇంట్లో? మేస్త్రీ ఇంట్లో ఏంది?

గని మలుపు తిరిగాడు.

గల్... గల్... గల్...

ఆగాడు. చప్పుడు ఆగింది. నడిచాడు. మళ్ళీ — గల్, గల్. నాలుగు అడుగులు వేశాక గానీ తెలియలేదు, చెప్పుల కింద నలిగే పలక ముక్కల చప్పుడని. ఊరంతా ఇన్నేళ్ళు భయపడిన గజ్జెలు ఎవరి కాళ్ళకు వాళ్ళే కట్టుకుని తిరుగుతున్నారన్నమాట. మామకు కొంచెం ధైర్యం వచ్చింది. నవ్వుకుంటూ తల ఎత్తాడు.

మేస్త్రీ ఇంటి కిటికీలో నీలం వెలుగు.

పన్నెండేళ్ళుగా కరెంటు లేని ఇల్లు. ఆ వెలుగు కదులుతోంది. గోడ మీద ఒకసారి పెద్దదవుతోంది, ఒకసారి చిన్నదవుతోంది. దాంతో పాటు సన్నగా హార్మోనియం... ఆ వెనక ఒక ఆడగొంతు.

తలుపు తీయుమన్న తాళమ్ము నీ చేత...

మామ అక్కడే ఆగిపోయాడు. పారిపోవాలి. ఆ సంగతి ఆయనకు బాగా తెలుసు. చిన్నప్పుడు నేర్చుకున్న ఆంజనేయ దండకం మొదలుపెట్టబోయాడు గానీ, నోట్లోంచి వచ్చింది రెండో పాదం. లోపలి గొంతుతో పాటే, పెదవులు కదుపుతూ—

నున్న నేమి యన్న యుల్లమేది?

ఆ గొంతే. ఆ పద్యమే. టీవీ పెట్టినారేమో... అని మనసుకు సర్దిచెప్పుకుంటున్నాడు. ఇంకొక్క పాదం. ఆ తర్వాతదే తనకు కావలసింది. గోడకు దగ్గరగా జరిగాడు.

రేపు నీదు భార్య రేయెల్ల నిటు నిల్చి...

కరెంటు పోయింది.

ఊరి వైపున్న దీపాలన్నీ ఒక్కసారి ఆరిపోయాయి. కిటికీలో నీలం వెలుగు పోయింది. హార్మోనియం తెగిపోయింది. కారుచీకటి. "నీ యవ్వ కరెంటు..." అని మామ పళ్ళు కొరికాడు. ముప్పై అయిదేళ్ళ తర్వాత దొరికి, మళ్ళీ అక్కడే—

గొంతు ఆగలేదు.

టీవీ లేదు. హార్మోనియం లేదు. చీకటి ఇంట్లోంచి ఆ గొంతొక్కటే... కాస్త వణుకుతూ... కాస్త ముదిరి... నాలుగో పాదం ఎత్తుకుంది.

ఇక అనుమానం లేదు. ఇది అదే. గనిలో దూకిన మనిషే. పరిగెత్తితే ప్రాణం దక్కుతుంది. పరిగెత్తితే నాలుగో పాదం పోతుంది. గొడుగు గట్టిగా పట్టుకుని, కళ్ళు మూసుకుని, మామ నిలబడిపోయాడు.

పిలువ నెవడు గడియ పెఱుకువాడు?

అంతే. ఆ మాటకే ద్వారపాలకుడు తీశాడన్నమాట. రేపు నీ భార్య ఇట్లాగే తలుపు బయట నిలబడి పిలిస్తే, గడియ తీయడానికి ఎవడుంటాడు అని అడిగితే ఏ కాపలావాడు తీయకుండా ఉంటాడు? మామకు ఏడుపు వచ్చేసింది. రాగం పైకి వెళ్ళి, నెమ్మదిగా దిగి, ఆగిపోయింది.

ఆ తర్వాత జరిగింది మాత్రం భయం వల్ల కాదు, అలవాటు వల్ల. మా వైపు నాటకంలో పద్యం బాగుంటే జనం ఒక కేక వేస్తారు. ఆ కేక పడితే చచ్చిపడిన రాజైనా సరే లేచి, పద్యం మళ్ళీ పాడి, మళ్ళీ చావాల్సిందే. నలభై ఏళ్ళు ఆ కేకలు పక్కవాళ్ళకు పడుతుంటే విన్న మనిషి. గొంతు దానంతటదే లేచింది.

"వన్స్ మోర్!"

దెయ్యాన్ని వన్స్ మోర్ అడిగిన మనిషి ఈ ప్రపంచంలో మా మామ ఒక్కడే అయ్యుంటాడు.

లోపల... కర్ర ఊతంతో అడుగులు. ఒకటి. ఇంకొకటి. గడియ తీసిన చప్పుడు.

తలుపు తెరుచుకుంది. ఆమె చేతిలోని సెల్ ఫోను లైటు వెలుగులో మామ ముందుగా ఆమె పాదాలు చూశాడు. ముందుకే తిరిగి ఉన్నాయి. పైకి చూశాడు. తెల్లటి జుట్టు, ఎనభై ఏళ్ళ మనిషి. కర్ర గోడకు ఆనించి, ఆమె తలుపు మీద ఒక చెయ్యి పెట్టి నిలబడింది. ఆ చెయ్యి చూడగానే మామకు అర్థమైపోయింది.

"ఎవరు నాయనా, ఇప్పుడు అడిగింది?"

వెనక నుంచి ఆమె మనవరాలు స్రవంతి గబగబా వచ్చింది. "ఎవరండీ మీరు? నేను మీ గ్రామ సచివాలయంలో కొత్తగా చేరినా. వేరే ఇల్లు దొరక్క సోమవారమే కరెంటు పెట్టించుకొని ఇందులో దిగినాం. అమ్మమ్మ నాటకం ఎవరో క్యాసెట్టులో దాచిపెట్టి ఉంటే, పెన్ డ్రైవ్‌లో ఎక్కించుకొచ్చి టీవీలో పెట్టినా. కరెంటు పోయినా ఈమె పాడటం ఆపలే. భయపడినారా?"

అత్త ఫోనులో చెప్పబోయింది అదే. మామ అది విననేలేదు. ముసలామె కూడా వినడంలేదు. లైటు ఎత్తి మామ మొహం వెతుక్కుంటోంది.

"ఆ రోజు స్టూడియోలో ఈ పద్యం అయినాక నేను ఆగినా నాయనా," అంది. "అలవాటు కదా. ఎదురుగా కెమెరాలే గానీ జనం లేరు. ఎవరో చెయ్యి ఊపి, ముందుకు పోండమ్మా అన్నారు. నా జన్మలో బాగా పాడింది ఆ ఒక్క పద్యమే. దానికే ఎవరూ అడగలే." లైటు ఇంకొంచెం దగ్గరికి తెచ్చింది. "ముప్పై అయిదేళ్ళు. ఇన్నాళ్ళూ యాడికి పోయినావు?"

మామ చేతులు జోడించాడు. కళ్ళలోంచి నీళ్ళు కారుతూనే ఉన్నాయి.

"మా ఊళ్ళో కరెంటు పోయిందమ్మా," అన్నాడు.

ఆమె నవ్వింది. మామ కళ్ళు తుడుచుకుని, సంచి కింద పెట్టి, గొడుగును బల్లెంలా నిలబెట్టి పట్టుకుని, గుమ్మం పక్కన నిటారుగా నిలబడ్డాడు. ఆమె తలుపు మీద చెయ్యి అట్లాగే ఉంచి, మామ మొహంలోకి చూస్తూ, మొదటి పాదం నుంచి ఎత్తుకుంది.